సి.ఏ. 19-9 పరీక్ష : అంకె ఒక్కటే వ్యాధి నిర్ణయం కాదు

కామెర్లకు నేల ఉసిరి ఇచ్చుట మా వైద్య కుటుంబాలలో తరతరాల ఆచారం. కొన్నేళ్ల క్రితం సిద్దిపేటలోని నా వైద్యశాలకు ఒక రైతు వచ్చినాడు. వయస్సు యాభై దాటినది. నొప్పి లేదు. కళ్లు పచ్చబడినవి, ఒళ్లంతా దురద, మలం తెల్లగా ఉన్నది. నువ్వుల పిండి వంటి మలం పిత్తమార్గం మూసుకొనిపోయిన కామలకు లక్షణమని చరక సంహిత చెప్పుచున్నది. గురుకులంలో దానిని వల్లించిన నేనే మూడు వారాలు మందులిచ్చి కాలహరణం చేసితిని. తరువాత హైదరాబాదులో స్కానింగు చేయగా క్లోమ గ్రంథి శిరోభాగంలో కణితి కనబడినది. ఆ తప్పు నాది.

ఆయన కుమారుడు రక్తపరీక్ష కాగితం తెచ్చి, "అయ్యగారూ, గీ నంబరు ఏం చెప్తది?" అని అడిగినాడు. పాఠకులు కూడా తెలుసుకొనదగిన ప్రశ్న అది.

సి.ఏ. 19-9 అనునది రక్తంలో కనిపించే ఒక చక్కెర సంబంధమైన పదార్థం. 1979లో అమెరికాలోని విస్టార్ సంస్థలో కొప్రోవ్‌స్కీ బృందం పెద్దప్రేగు క్యాన్సరు కణాలపై పరిశోధిస్తూ దీనిని గుర్తించే ప్రతిరక్షకాన్ని వెల్లడించినది. సాధారణంగా మిల్లీలీటరు రక్తద్రవంలో 37 యూనిట్ల లోపు ఉండవలెను.

అయితే అంకె పెరిగినంత మాత్రాన క్యాన్సరు అని భయపడరాదు. పిత్తనాళంలో రాయి అడ్డుపడినా, క్లోమశోథ కలిగినా, కాలేయం చెడినా అది పెరుగును. అందుచేత కామెర్లు తగ్గిన పిదప మరల చూడవలెను. అంకె సరిగా ఉన్నదని నిశ్చింతగానూ ఉండరాదు. కణితి చిన్నదిగా ఉన్నప్పుడు అది పెరగకపోవచ్చును. నూటికి 5 నుండి 10 మందిలో జన్మతః ఈ పదార్థమే తయారు కాదు. వ్యాధిని నిర్ణయించునవి సీటీ స్కాను, ఎండోస్కోపీ ద్వారా చేయు అల్ట్రాసౌండు, ముక్క తీసి చేయు బయాప్సీ. నిర్ణయమైన పిదప చికిత్స ఫలించుచున్నదా, వ్యాధి తిరగబెట్టుచున్నదా అని గమనించుటకే ఈ అంకె ఎక్కువ ఉపయోగం.

నొప్పి లేని కామెర్లతో తెల్లని మలం, పైకడుపు నుండి వీపుకు పాకే నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గుట, యాభై దాటిన పిదప బరువు తగ్గుతూ కొత్తగా వచ్చిన మధుమేహం - వీటిలో ఏది కనిపించినా ఇంటి వైద్యంతో ఆగవద్దు. హైదరాబాదులో నిమ్స్, ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి ఉన్నవి. ముందు స్కాను చేయించుకొనండి. నేల ఉసిరి ఎక్కడికీ పోదు, కాలం పోవును.