రక్తములోని చక్కెర పరీక్ష: పొదుపు ఎంతవరకు?

మధుమేహ రోగికి మందు ఎంత ముఖ్యమో, ఆ మందు ఏ మేరకు పనిచేయుచున్నదో తెలిసికొనుటయు అంత ముఖ్యము. పూర్వము ఇందులకు మూత్రపరీక్షయే ప్రధాన సాధనముగా నుండెడిది. బెనెడిక్టు ద్రావకమున కొన్ని మూత్రబిందువులు వేసి కాచినచో, చక్కెర లేనియెడల నీలిరంగు నిలిచియుండును. ఉన్నకొలదిని ఆకుపచ్చగను, పసుపుగను, తుదకు ఇటుకరంగుగను మారును. కాని ఈ పరీక్షకు ఒక పెద్ద లోపము కలదు. రక్తమున చక్కెర మిక్కిలి పెరిగిననే గాని మూత్రమున కనబడదు. అది ప్రమాదకరముగా తగ్గినప్పుడు ఆ సంగతి తెలియనే తెలియదు.

గ్లూకోమీటరు ఈ లోపమును తీర్చినది. వ్రేలికొన నుండి తీసిన రక్తపుబొట్టును స్ట్రిప్పునకు తాకించినచో కొద్ది సెకండ్లలో అంకె కనబడును. ఇన్సులిన్ తీసికొనువారికి ఆ అంకె ప్రాణరక్షకము. చక్కెర డెసిలీటరునకు 70 మిల్లీగ్రాములకంటె తగ్గినచో చెమట, వణకు, తికమక కలుగును. వెంటనే చక్కెరయో, తీపి పానీయమో ఇయ్యనియెడల రోగి స్పృహ తప్పవచ్చును.

వ్యయమంతయు స్ట్రిప్పులలోనే

మీటరు ఒకసారి కొన్నచో కొన్ని సంవత్సరములు పనిచేయును. స్ట్రిప్పు మాత్రము ఒక్క పరీక్షతో సరి. పైగా ఒక సంస్థ మీటరునకు మరియొక సంస్థ స్ట్రిప్పు పనికిరాదు. కావున అసలు వ్యయము మీటరు వెలలో గాక స్ట్రిప్పుల వెలలోనే యున్నది.

ఇంగ్లండు దేశపు అనుభవము

ఇంగ్లండులో జాతీయ ఆరోగ్య సేవ వారు వైద్యుని చీటీపై స్ట్రిప్పుల నిత్తురు. మధుమేహమునకు మందులు వాడువారు చీటీ రుసుము చెల్లింపనక్కరలేదు. భారమంతయు ప్రభుత్వ ధనముపై పడుటచే, పలు ప్రాంతముల ఆరోగ్యాధికారులు చౌక స్ట్రిప్పులు గల మీటర్లనే వ్రాయవలెననియు, ఇన్ని స్ట్రిప్పులకు మించి ఇయ్యరాదనియు కట్టడి చేసిరి. 2013లో డయాబెటిస్ యు.కె. అను సంస్థ ఒక నివేదిక ప్రకటించి, స్ట్రిప్పులు లభించుట రోగి నివసించు ప్రాంతమును బట్టి మారుచున్నదని ఆక్షేపించినది.

పొదుపు స్వతః దోషము కాదు. ఇన్సులిన్ గాని, చక్కెరను మితిమీరి తగ్గింపగల మాత్రలు గాని వాడని రెండవ రకము మధుమేహ రోగులలో పెక్కుమందికి దినదిన పరీక్ష అవసరము లేదని అచ్చటి నిపుణులే చెప్పుదురు. కాని మొదటి రకము మధుమేహము గల వయోజనులు దినమునకు కనీసము 4 పర్యాయములు పరీక్షించుకొనవలెనని 2015 నాటి మార్గదర్శక సూత్రములు తెలుపుచున్నవి. ఇన్సులిన్ వాడుచు వాహనము నడుపువారు బయలుదేరుటకు ముందు 2 గంటల లోపుగను, ప్రయాణములో ప్రతి 2 గంటలకు ఒకసారియు పరీక్షించుకొనవలెనని అచ్చటి రవాణా నిబంధన. ఒక శాఖ పరీక్ష చేయుమని శాసింపగా, మరియొక శాఖ స్ట్రిప్పులు తగ్గించినచో రోగి యేమి చేయగలడు? చూపు మందగించినవారికి అంకెను బిగ్గరగా పలుకు మీటరు కావలెను. వెల తక్కువయని వేరొకటి ఇచ్చినచో అది వారికి నిరుపయోగమే.

2022 నుండి చర్మమునకు అతికించు నిరంతర పరీక్షా సాధనములను మొదటి రకము రోగులకు ఇయ్యవలెనని అచ్చట సిఫారసు చేసిరి. అయినను స్ట్రిప్పుల అవసరము పూర్తిగా తీరలేదు.

మన దేశమున

భారత వైద్య పరిశోధనా మండలి ఆధ్వర్యవమున జరిగి 2023లో వెలువడిన పరిశీలన ప్రకారము మన దేశమున సుమారు 10.1 కోట్ల మధుమేహ రోగులు కలరు. ఇచ్చట పెక్కు కుటుంబములు స్ట్రిప్పులను స్వంత ధనముతోనే కొనుచున్నవి. కట్టడి విధించునది అధికారి గాదు, చేతిసంచియే. కావున ఈ క్రింది విషయములు గమనింపదగినవి.

మీటరు కొనునప్పుడు స్ట్రిప్పు వెలను, అది మీ ఊరిలో దొరకుటను ముందు విచారింపుడు. ఎన్ని పర్యాయములు పరీక్షింపవలెనో వైద్యునితో నిర్ణయించుకొనుడు. చేతులు కడిగి, తుడుచుకొని పరీక్షింపుడు. వ్రేలికి పండ్లరసము అంటియున్నచో అంకె హెచ్చుగా చూపును. గడువు తీరిన స్ట్రిప్పులు వాడకుడు. సీసా మూత బిగించి యుంచుడు. ఇన్సులిన్ తీసికొనువారు వ్యయమునకు వెరచి పరీక్షలు మానరాదు.

అవసరము లేనిచోట పొదుపు వివేకము. అవసరమున్నచోట అదే అపాయము. ఆ రెంటికి నడుమ గీత గీయవలసినది వెలల పట్టిక గాదు, రోగి స్థితి.