చక్రాల జాడ – ఇంటి గుట్టు

పూర్వం బాటసారి వెళ్ళిన దారిని దుమ్ములో పడిన అడుగులు తెలిపేవి. గాలి వీస్తే ఆ జాడ చెరిగిపోయేది. నేటి సైకిలు ప్రయాణపు జాడ అంత తేలికగా చెరిగేది కాదు.

సూర్యాపేట నుండి పిల్లలమర్రిలోని కాకతీయుల నాటి ఆలయాలకో, కోదాడ నుండి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడకో సైకిలుపై వెళ్ళే విద్యార్థి ఫోనులో స్ట్రావా వంటి ఆప్ ఉంటుంది. జి.పి.ఎస్. ఉపగ్రహాల సంకేతాలను అందుకొని ఫోను తానున్న చోటును ఎప్పటికప్పుడు నమోదు చేస్తుంది. ఆ బిందువులన్నీ కలిసి పటంపై ఒక గీత అవుతాయి. దూరాన్నీ వేగాన్నీ మిత్రులతో పంచుకోవడం ఉత్సాహకరమే. కాని ఆ గీత మొదలయ్యేదీ ముగిసేదీ తరచుగా ఇంటి గుమ్మం వద్దనే. పది ప్రయాణాలను పరిశీలించిన అపరిచితుడు ఇల్లు ఎక్కడో, సైకిలు ఎక్కడుంటుందో, ఏ వేళ ఏ దారిన ఒంటరిగా వెళ్తారో గ్రహించగలడు. ఒంటరిగా వెళ్ళే బాలికల విషయంలో ఈ ప్రమాదం మరింత ఎక్కువ.

పేర్లు లేనంత మాత్రాన గుట్టు దాగదు. స్ట్రావా సంస్థ తన సభ్యుల ప్రయాణాలను కలిపి, పేర్లు లేకుండా, 2017 నవంబరులో ఒక ప్రపంచపటాన్ని విడుదల చేసింది. అందులో సైనిక స్థావరాల ఆనవాళ్ళు కనిపిస్తున్నాయని 2018 జనవరిలో నాథన్ రూసర్ అనే ఆస్ట్రేలియా విద్యార్థి వెల్లడించాడు. నిర్జన ప్రాంతాలలో సైనికులు పరుగెత్తిన దారులే వెలుగు గీతలై వారి నెలవును పట్టి ఇచ్చాయి.

దీనికి ఉపాయాలు లేకపోలేదు. ఇంటి చుట్టూ కొంత మేర గీత కనబడకుండా దాచే సౌకర్యం ఆప్‌లో ఉంది. అయితే ఇల్లే కేంద్రంగా వృత్తం గీసి దాచితే, వేర్వేరు దిక్కుల గీతలు ఆగిన మూడు బిందువుల నుండి ఆ కేంద్రాన్ని కనుగొనవచ్చు. ఇది పాఠశాల రేఖాగణితమే. కనుక దాచే మేరను పెంచాలి. ఇల్లు దాటి కొంత దూరం వెళ్ళాకనే నమోదు ప్రారంభించి, ఇల్లు చేరకముందే ఆపడం మేలు. ప్రయాణం ముగిశాకనే, ఎరిగినవారికి మాత్రమే చూపాలి. పాత ప్రయాణాలనూ సరిచూడాలి.

గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా ప్రకటించింది. కృష్ణాజిల్లాలో జన్మించిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ ఆ ధర్మాసనంలో ఒకరు. హక్కును న్యాయస్థానం గుర్తించింది. దానిని అనుదినం కాపాడుకోవలసినది పౌరుడే. ‘ఇంటి గుట్టు లంకకు చేటు’ అన్న సామెత ఈ కాలానికీ వర్తిస్తుంది.