పేజీలో కదిలే కొలిమి

జంషెడ్‌పూర్‌లోని టాటా కర్మాగారంలో మొదటి ఉక్కు దిమ్మె 1912 ఫిబ్రవరి 16న తయారైంది. ఆ ఊళ్లో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో. అక్కడి పిల్లల కోసం ఉక్కు తయారీ మీద తెలుగులో ఒక డిజిటల్ పుస్తకం వేస్తున్నామనుకుందాం. ఖనిజం నుంచి ఇనుము తీసే కొలిమి, అంటే బ్లాస్ట్ ఫర్నేస్ బొమ్మ దగ్గర చిక్కొస్తుంది. ఇనుప ఖనిజం, బొగ్గు నుంచి చేసే కోక్, సున్నపురాయి పైనుంచి పడి మెల్లగా కిందికి దిగుతుంటాయి. బాగా కాగిన గాలి కిందనుంచి దూసుకొస్తుంది. ఆ గాలికి కోక్ మండి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. అది పైకి పోతూ ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది. ఎదురెదురుగా సాగే ఈ రెండు ప్రయాణాల వల్లే రాయి ఇనుమవుతోంది. అచ్చు పుస్తకంలో దీన్ని బాణం గుర్తులతో సరిపెడతాం. తెర మీదైతే ఆ కదలికనే చూపించవచ్చు.

పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఈ సదుపాయం 2010 నాటి సీఎస్5 వెర్షన్ నుంచి ఉంది. ముందు ఖనిజం బొమ్మను ఎంచుకుని, అది ఎటు కదలాలో, ఎన్ని సెకన్లు కదలాలో యానిమేషన్ ప్యానెల్‌లో చెప్పాలి. తర్వాత పక్కన ఒక బొమ్మను బటన్‌గా మార్చి, దాన్ని నొక్కితే ఆ కదలిక మొదలవ్వాలని ఆదేశమివ్వాలి. మామూలుగా పేజీ తెరుచుకోగానే బొమ్మ కదిలేలా అమరిక ఉంటుంది. దాన్ని తీసేయడం మరిచిపోకూడదు. వాయువుకూ ఇలాగే చేసి, టైమింగ్ ప్యానెల్‌లో రెండింటినీ జతచేస్తే ఒకటి దిగుతుండగానే రెండోది లేస్తుంది.

కదలికలోని మధ్య దశలన్నీ ఎవరూ గీయనక్కర్లేదు. మొదలు, చివర తెలిస్తే చాలు, నడుమ ఏ క్షణాన బొమ్మ ఎక్కడుండాలో కంప్యూటరే లెక్కకడుతుంది. చాలా తెరలు సెకనుకు 60 సార్లు కొత్త చిత్రాన్ని చూపుతాయి కాబట్టి కంటికి అతుకులు కనబడవు. ఒక సెకనులో 10 సెంటీమీటర్లు జరగాల్సిన బొమ్మ సమవేగంతో వెళితే అర సెకనుకు 5 సెంటీమీటర్ల దగ్గరుంటుంది. చివర్లో నెమ్మదించేలా, మిగిలిన దూరం మిగిలిన సమయపు వర్గాన్ని బట్టి తగ్గే సూత్రం వాడితే అదే అర సెకనుకు 7.5 సెంటీమీటర్ల దగ్గరుంటుంది. జంషెడ్‌పూర్‌లోని టాటానగర్ స్టేషన్లో ఆగబోయే రైలులా, మిగిలిన దూరాన్ని నింపాదిగా పూర్తిచేస్తుంది. బరువున్న వస్తువు ఠక్కున ఆగదని మనకు తెలుసు. అందుకే ఈ కదలికే సహజంగా తోస్తుంది.

నొక్కడానికీ కదలడానికీ మధ్య వ్యవధి సెకనులో పదోవంతు మించకపోతే ‘నేనే కదిలించాను’ అనిపిస్తుంది. అంతకన్నా ఆలస్యమైతే పిల్లవాడు మళ్లీ నొక్కుతాడు. కారణానికీ ఫలితానికీ ఉన్న సంబంధం అక్కడే తెగిపోతుంది. బటన్ పెట్టడంలోని ప్రయోజనమే ఆ సంబంధాన్ని చూపడం.

శీర్షికలోని అక్షరాలను ఒక్కొక్కటిగా తెప్పించాలనుకునేవారు తెలుగులో మరింత జాగ్రత్త పడాలి. ‘ఉక్కు’ అనే మాటకు కంప్యూటర్లో అయిదు సంకేతాలున్నాయి, కానీ అది రెండక్షరాల మాట. సంకేతాల చొప్పున విడగొడితే ఒత్తు, కొమ్ము చెల్లాచెదురవుతాయి. ‘ఉ’ ఒక ముక్కగా, ‘క్కు’ మరో ముక్కగా పెట్టుకోవాలి.

పుస్తకాన్ని ఏ రూపంలో ఇస్తామన్నది ముందే తేల్చుకోవాలి. పీడీఎఫ్‌లో ఈ యానిమేషన్లు నిలవవు. మొదట్లో వాటికి ఆధారమైన ఫ్లాష్ ప్లేయర్‌కు 2020 చివరితో మద్దతు ఆగిపోయింది. ఇప్పుడు స్థిరమైన పేజీల ఈపబ్‌గానో, వెబ్ పేజీలుగానో ఇవ్వాలి.

కరిగిన ఇనుము ధగధగ చూపాలని తెరను చకచకా మెరిపించకూడదు. సెకనుకు మూడుసార్లకు మించిన మెరుపులు కొందరికి మూర్ఛ తెప్పించగలవు. తనంతట తానే మొదలై అయిదు సెకన్లకు మించి సాగే కదలికకు ఆపే వీలుండాలని వెబ్ ప్రమాణాలు చెబుతున్నాయి. కదలికలు చూస్తే కళ్లు తిరిగేవాళ్లూ ఉన్నారు. కాబట్టి ముందు బాణాలతో, పేర్లతో కదలని బొమ్మను పూర్తిగా అర్థమయ్యేలా గీయాలి. యానిమేషన్ ఆ తర్వాతి పని.