స్క్లెరోడెర్మా రోగుల్లో ఊపిరితిత్తుల వ్యాధి: ముప్పు కారకాలు

శరీర రక్షణ వ్యవస్థ సొంత కణజాలం మీదే దాడి చేసే వ్యాధుల్లో స్క్లెరోడెర్మా ఒకటి. గ్రీకులో ఈ మాటకు ‘గట్టి చర్మం’ అని అర్థం. వేళ్ల చర్మం బిగుసుకుపోవడం, చలికి వేళ్లు తెల్లబడి తర్వాత నీలంగా మారడం, నోరు పూర్తిగా తెరవలేకపోవడం దీనిలో పైకి కనిపించే లక్షణాలు. పేరు చర్మానిదే అయినా ఇప్పుడు రోగి ప్రాణం మీదికి ఎక్కువగా తెచ్చేది ఊపిరితిత్తుల వ్యాధే.

మొదట్లో పరిస్థితి ఇలా లేదు. అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ వైద్యులు 1972 నుంచి 2002 వరకు తమ రోగుల మరణ కారణాలను పరిశీలించారు. ఈ వ్యాధి వల్ల జరిగిన మరణాల్లో మూత్రపిండాల సంక్షోభం వాటా 42 శాతం నుంచి 6 శాతానికి తగ్గింది. కాప్టోప్రిల్ వంటి మందులు రావడమే అందుకు ముఖ్య కారణం. అదే కాలంలో ఊపిరితిత్తుల ఫైబ్రోసిస్ వాటా 6 నుంచి 33 శాతానికి పెరిగింది. ఈ అంకెలను జాగ్రత్తగా చదవండి. ఇవి మొత్తం మరణాల్లో వాటాలు. ఒక కారణం వాటా తగ్గితే మిగిలిన కారణాల వాటా పెరగక తప్పదు. ఊపిరితిత్తుల జబ్బు అకస్మాత్తుగా పెరిగిపోయిందని దీన్నిబట్టి చెప్పలేం.

రెండు వ్యాధులు, రెండు దారులు

ఈ రోగుల ఊపిరితిత్తుల్లో ముఖ్యంగా రెండు వ్యాధులు వస్తాయి. మొదటిది ఇంటర్‌స్టీషియల్ లంగ్ డిసీజ్. దీనిలో వాయుగోణుల మధ్య గోడలు వాచి, క్రమంగా కొల్లాజన్ పేరుకుని మచ్చకడతాయి. సీటీ స్కాన్‌లో చూస్తే దాదాపు సగం మంది రోగుల్లో దీని జాడ ఉంటుంది. రెండోది పుపుస ధమని రక్తపోటు. ఊపిరితిత్తులకు రక్తం తీసుకెళ్లే సన్నని ధమనుల గోడలు మందమై దారి ఇరుకవుతుంది, గుండె కుడి జఠరిక మీద భారం పడుతుంది. ఇది సుమారు పదిమందిలో ఒకరికి వస్తుంది. కొందరిలో రెండూ కలిసే ఉంటాయి.

ముప్పు కారకం అంటే వ్యాధి వచ్చే అవకాశాన్ని పెంచే, లేదా ఆ అవకాశం ఎక్కువని సూచించే లక్షణం. అది కారణమే కానక్కరలేదు.

మొదటి వ్యాధి విషయంలో అన్నిటికన్నా బలమైన సూచన రక్తంలో దొరుకుతుంది. యాంటీ టోపోఐసోమరేజ్-1 అనే ప్రతిరక్షకం ఉన్నవారికి ముప్పు బాగా ఎక్కువ. దీన్నే ఎస్‌సీఎల్-70 అని కూడా అంటారు. చర్మం గట్టిపడటం మోచేతులు దాటి భుజాలకు, ఛాతీకి, తొడలకు పాకిన ‘విస్తృత’ రకం రోగులకూ ముప్పు ఎక్కువే. స్క్లెరోడెర్మా స్త్రీలలోనే చాలా ఎక్కువ. అయితే వ్యాధి వచ్చినవారిలో పోల్చి చూస్తే ఊపిరితిత్తులు దెబ్బతినడం పురుషుల్లో ఎక్కువ. అమెరికాలో ఆఫ్రికన్ సంతతి వారిలోనూ ఇది తీవ్రంగా ఉంటుంది. ఊపిరితిత్తుల శక్తి వేగంగా తగ్గేది చాలావరకు జబ్బు మొదలైన తొలి నాలుగైదేళ్లలోనే. అందుకే ‘చూద్దాంలే’ అని వాయిదా వేసే కాలం రోగికి అత్యంత ఖరీదైన కాలం.

పుపుస ధమని రక్తపోటుకు వచ్చేసరికి చిత్రం తారుమారవుతుంది. చర్మం వేళ్లు, ముంజేతులు, ముఖం వరకే గట్టిపడిన ‘పరిమిత’ రకం రోగులు, యాంటీ సెంట్రోమియర్ ప్రతిరక్షకం ఉన్నవారు, ముఖం మీద, చేతుల మీద చిన్న ఎర్రటి రక్తనాళపు చుక్కలు ఎక్కువగా ఉన్నవారు, జబ్బుతో ఎన్నో ఏళ్లు గడిపినవారు, పెద్ద వయసులో జబ్బు మొదలైనవారు ఇక్కడ ముందుంటారు. మొదటి వ్యాధి ముప్పు తక్కువని సూచించే యాంటీ సెంట్రోమియరే రెండోదానికి హెచ్చరిక అవుతుంది. చర్మం కొద్దిగానే పాడైంది కాబట్టి జబ్బు తేలికదని అనుకోవడం ఎంత పొరపాటో దీన్నిబట్టి తెలుస్తుంది. పైగా పరిమిత రకం వారికి ఊపిరితిత్తుల్లో మచ్చలు రావన్న హామీ కూడా లేదు.

కారణమా, తోడు లక్షణమా?

ఈ రోగుల్లో ఆహారనాళం కండరాలు బలహీనపడి జీర్ణాశయంలోని ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. ఊపిరితిత్తుల మచ్చలు ఉన్నవారిలో ఈ బాధ తరచుగా కనిపిస్తుంది. ఆమ్లం తుంపరలుగా శ్వాసనాళంలోకి జారి ఊపిరితిత్తులను పాడుచేస్తోందా, లేక ఒకే జబ్బు రెండు అవయవాలనూ విడివిడిగా దెబ్బతీస్తోందా? రెండూ కలిసి కనిపించినంత మాత్రాన మొదటిదే నిజమని తేల్చలేం.

రాతి ధూళి సంగతి కొంత స్పష్టం. ఎడిన్‌బరోలో బ్రామ్‌వెల్ 1914లో రాళ్లు చెక్కే కార్మికుల్లోనూ, దక్షిణాఫ్రికాలో ఎరాస్మస్ 1957లో బంగారు గని కార్మికుల్లోనూ స్క్లెరోడెర్మాను గుర్తించారు. సిలికా ధూళి ఈ జబ్బు ముప్పును పెంచుతుంది; అదే ధూళి విడిగా సిలికోసిస్‌నూ తెస్తుంది. మన ప్రాంతంలో క్రషర్లలో, గ్రానైట్ కోత యూనిట్లలో పనిచేసే వ్యక్తికి దగ్గు, ఆయాసం ఉంటే ముందు టీబీయే గుర్తుకు వస్తుంది. అది సహజమే, ఆ పరీక్ష చేయవలసిందే. అయితే వేళ్లు బిగుసుకున్నాయా, చలికి రంగు మారుతున్నాయా అని అడగడానికి ఖర్చేమీ లేదు. టీబీ సాధారణంగా ఊపిరితిత్తుల పైభాగంలో మొదలైతే స్క్లెరోడెర్మా మచ్చలు కింది భాగంలో మొదలవుతాయి.

పరీక్షలు

ఆయాసం వచ్చేదాకా ఆగితే ఆలస్యమవుతుంది. కీళ్ల నొప్పులతో నడక తగ్గించుకున్న రోగికి ఆయాసం తెలియకపోవచ్చు. తొలి దశలో ఎక్స్‌రే మామూలుగానే ఉండవచ్చు. కాబట్టి ముప్పు కారకాలు ఉన్నా లేకున్నా, స్క్లెరోడెర్మా అని తేలిన ప్రతి ఒక్కరికీ మొదట్లోనే హెచ్‌ఆర్‌సీటీ స్కాన్, శ్వాస పరీక్షలు, గుండె ఎకో చేయడం మంచిది. ముప్పు కారకాలు తేల్చేది ఎవరిని ఎంత తరచుగా మళ్లీ చూడాలన్నది.

శ్వాస పరీక్షల్లో రెండు అంకెలు ముఖ్యం. నిండా పీల్చి బలంగా వదిలిన గాలి పరిమాణం ఎఫ్‌వీసీ. గాలిలోంచి రక్తంలోకి వాయువు ఎంత సులువుగా చేరుతోందో చెప్పేది డీఎల్‌సీఓ. మచ్చలు పెరిగితే సాధారణంగా రెండూ తగ్గుతాయి. ఎఫ్‌వీసీ బాగానే ఉండి డీఎల్‌సీఓ మాత్రమే పడిపోతే రక్తనాళాలను అనుమానించాలి. మొదటి శాతాన్ని రెండోదానితో భాగిస్తే 1.6 దాటడం అలాంటి హెచ్చరిక. నిర్ధారణకు గుండె కుడివైపు గొట్టం పంపి పీడనం కొలవాలి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

పరిమిత రకం స్క్లెరోడెర్మాతో పన్నెండేళ్లుగా ఉన్న ఒక రోగికి యాంటీ సెంట్రోమియర్ ప్రతిరక్షకం ఉంది. ఎఫ్‌వీసీ 92 శాతం, డీఎల్‌సీఓ 48 శాతం. ఏ వ్యాధిని ముందుగా అనుమానిస్తారు? ఏయే ఆధారాలతో?