రాతిమీద గుడ్డ లెక్క

మనము నేసిన గుడ్డ ఎంత గట్టిదైనను కొన్నేండ్లకు చినుగును. రాతిలో చెక్కినది వేలయేండ్లు నిలుచును. అందుకే పూర్వకాలపు ప్రభువులు తమ సమాధులపైనను, స్మారకములపైనను చెక్కడములు చేయించిరి. వానిలో పనివారికి దొరికిన చోటెంతయో నేత సోదరులకు తెలుపుటకై ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ముందు మన తెలుగునాట సంగతి. కృష్ణ ఒడ్డున నాగార్జునకొండ లోయ సాగరు నీటిలో మునుగకముందు, 1954 నుండి 1960 వరకు అక్కడ త్రవ్వకములు జరిగినవి. దొరికిన శిల్పములను కొండపై మ్యూజియములో భద్రపరచిరి. వానిలో ఛాయాస్తంభములు గలవు. ఇవి చనిపోయినవారి జ్ఞాపకార్థము నిలిపిన చెక్కడపు రాళ్ళు. క్రీ.శ. 3వ శతాబ్దిలో ఇక్ష్వాకు రాజు శాంతమూలునికి అట్టి స్తంభమును నిలిపి, ఆయన జీవిత ఘట్టములను చెక్కిరి. సేనాపతులకును, సైనికులకును స్తంభములు గలవు. మూలభూతుడను రాతిపనివానికి సైతము ఒకటి గలదు. రాజు పేరు నిలిచిన చోటనే పనివాని పేరును నిలిచినది.

ఇంతకు రెండున్నర వేలయేండ్లకు ముందే ఈజిప్టు దేశములో ఇట్టి ఆచారముండెను. సక్కారాలో తీ అను అధికారి సమాధి గోడలపై దుక్కి దున్నుట, పడవలు కట్టుట, పశువులను నీరు దాటించుట ఎంతో నేర్పుగా చెక్కియున్నవి. అయితే తీ బొమ్మ నిలువెత్తున నుండగా పనివారు చిన్న చిన్న వరుసలలో నుందురు.

మన వృత్తి మాట కూడ అక్కడ గలదు. సుమారు క్రీ.పూ. 2600 నాటి రాజకుమార్తె నెఫెర్టియాబెత్ సమాధి ఫలకము నేడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియములో నున్నది. ఆమె ముందు రొట్టెల బల్ల. ప్రక్కన గళ్ళు గీచి అవిసెనార గుడ్డల రకములు, లెక్కలు చెక్కిరి. అచ్చముగా మన స్టాకు పుస్తకము వలెనే యుండును! తరువాత సుమారు క్రీ.పూ. 1900లో బెనీ హసన్‌లో ఖ్నుమ్‌హోతెప్ సమాధిలో, నేలమీద పరచిన మగ్గము చెంత ఇద్దరు స్త్రీలు నేయుచున్నట్లు రంగులతో చిత్రించిరి. కాని రాజకుమార్తె ఫలకముపై గుడ్డ లెక్క నిలిచినది గాని, ఆ గుడ్డలు నేసిన చేతుల పేరు ఒక్కటియు లేదు.

సోదరులారా, మన పుస్తకములు ఎట్లున్నవి? రకము, నూలు నంబరు, మీటర్లు, ధర అన్నియు వ్రాయుదుము. కూలి పట్టీలో నేతగాని పేరుండును. గుడ్డ గిడ్డంగి దాటిన పిమ్మట ఆ పేరు గుడ్డతో పోదు. 2006లో వచ్చిన చేనేత ముద్ర ఆ గుడ్డ చేతిమగ్గముదని చెప్పును, ఎవరు నేసినదో చెప్పదు. నలుబది యేండ్లు మగ్గములో కూర్చున్నవాడు పింఛనుకో, కార్డుకో తాను నేతగాడనని రుజువు చూపవలసివచ్చినపుడు మన చిరిగిన పట్టీలే దిక్కు.

కనుక మా మనవి ఇది. ప్రతి చీరకు, ప్రతి పంచెకు నేసినవారి పేరు, ఊరి పేరు వ్రాసిన చిన్న చీటీ కట్టవలెను. పడుగు పట్టినవారు, కండెలు చుట్టిన ఇంటి ఆడువారు, వీరి పేర్లును పుస్తకమున చేర్చవలెను. దీనికి కావలసినది కాగితమును, కొంత ఓపికయును మాత్రమే. సగరోళి మొదలు ప్రతి ఊరి సంఘమును రాబోవు సభలో దీనిని చర్చించి తీర్మానించవలెనని కోరుచున్నాము.