పట్టాభి సీతారామయ్య రాజకీయ జీవితం: ప్రాంతీయ ఆకాంక్ష - జాతీయ బాధ్యత

1. ప్రవేశిక

డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య (1880-1959) పేరు వినగానే 1939 నాటి కాంగ్రెసు అధ్యక్ష ఎన్నికలో సుభాష్ చంద్రబోసు చేతిలో ఆయన పొందిన ఓటమి స్ఫురిస్తుంది. ఆ ఒక్క ఘట్టంతో ఆయన జీవితాన్ని అంచనా వేయడం సమంజసం కాదు. భాషాప్రయుక్త రాష్ట్రాల కోసం తొలి నుంచీ వాదించిన నాయకుడే 1949లో వాటి వాయిదాను సిఫార్సు చేసిన నివేదికపై సంతకం చేశారు. ఈ పరిణామ క్రమాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. వైద్యుడు - సంస్థా నిర్మాత

పట్టాభి 1880 నవంబరు 24న గుండుగొలనులో జన్మించారు. మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో బి.ఎ. ముగించి, ఎం.బి.సి.ఎం. పట్టా పొంది, 1906 నుంచి బందరులో వైద్యవృత్తి సాగించారు. స్వదేశీ ఉద్యమ స్ఫూర్తితో 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావులతో కలిసి ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించారు. 1916లో వైద్యవృత్తిని విరమించి పూర్తికాలం ప్రజాజీవితానికి అంకితమయ్యారు. 1919లో ‘జన్మభూమి’ ఆంగ్ల వారపత్రికను, 1923లో ఆంధ్రా బ్యాంకును, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీని నెలకొల్పారు. విద్య, పత్రిక, పరపతి అనే మూడు రంగాల్లోనూ ఆంధ్రులు తమ కాళ్లమీద తాము నిలబడాలన్న దృష్టి ఈ సంస్థలన్నిటిలో కనిపిస్తుంది.

3. భాషారాష్ట్ర వాదం

అద్దంకి, బాపట్ల, బందరు వంటి ఊళ్లకు నాడు రాజధాని మదరాసే. 1913లో బాపట్లలో జరిగిన ప్రథమాంధ్ర మహాసభతో ప్రత్యేక రాష్ట్ర వాంఛ ఉద్యమరూపం దాల్చింది. ఆ ఉద్యమానికి వాదబలం సమకూర్చినవారిలో పట్టాభి ముఖ్యులు. 1917లో కలకత్తాలో ఆంధ్రకు ప్రత్యేక కాంగ్రెసు విభాగం కావాలన్న అంశం చర్చకు వచ్చినప్పుడు, రాజ్యాంగ సంస్కరణలు వచ్చేవరకు ఆగవచ్చునని గాంధీజీ భావించారు. తిలక్ ఆంధ్రుల పక్షం వహించారు. 1918లో ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘం ఏర్పడింది. ప్రభుత్వం గుర్తించని ఆంధ్రరాష్ట్రాన్ని కాంగ్రెసు ముందుగా గుర్తించినట్లయింది.

4. జాతీయ నాయకత్వం

మౌలానా ఆజాద్ పోటీ నుంచి తప్పుకోవడంతో 1939లో పట్టాభి గాంధీజీ మద్దతుతో బరిలో నిలిచారు. బోసుకు 1580, పట్టాభికి 1377 ఓట్లు వచ్చాయి. ఆ ఓటమి తనదేనని గాంధీజీ ప్రకటించారు. 1942లో అరెస్టయిన పట్టాభి అహమద్‌నగర్ కోటలో కార్యవర్గ సభ్యులతో నిర్బంధంలో గడిపారు. 1935లో కాంగ్రెసు స్వర్ణోత్సవ సందర్భంగా వెలువడిన ఆయన కాంగ్రెసు చరిత్ర ప్రథమ సంపుటం ఆయనను ఉద్యమ చరిత్రకారునిగా నిలిపింది. 1948లో పురుషోత్తమదాస్ టాండన్‌పై గెలిచి కాంగ్రెసు అధ్యక్షులయ్యారు.

5. జె.వి.పి. నివేదిక

1948 డిసెంబరులో జైపూరు కాంగ్రెసు భాషారాష్ట్రాల అంశంపై జవహర్‌లాల్ నెహ్రూ, వల్లభభాయి పటేల్, పట్టాభిలతో ఒక సంఘాన్ని నియమించింది. 1949 ఏప్రిల్‌లో వచ్చిన ఆ నివేదిక దేశ భద్రత, సమైక్యత, ఆర్థికాభివృద్ధి ముఖ్యమంటూ భాషారాష్ట్రాలను వాయిదా వేయాలని చెప్పింది. అయితే ఆంధ్ర విషయంలో ఆశకు చోటిచ్చింది: మదరాసు నగరంపై హక్కు వదులుకుంటే ఆ రాష్ట్ర నిర్మాణాన్ని చేపట్టవచ్చునంది.

1917లో పట్టాభి ఎదిరించిన వాదమూ, 1949లో ఆయన ఆమోదించిన వాదమూ సారాంశంలో ఒకటే: కొంతకాలం ఆగడం. విభజన గాయాలు, సంస్థానాల విలీనం నడుమ జాతీయ అధ్యక్షునికి ఆ నిరీక్షణ అవసరంగా తోచి ఉండవచ్చు. దశాబ్దాలుగా ఎదురుచూసిన ఆంధ్రులకు మాత్రం అది మరొక జాప్యమే. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు ఆత్మార్పణ తరువాతే, 1953 అక్టోబరు 1న, మదరాసు లేకుండా ఆంధ్రరాష్ట్రం అవతరించింది. అప్పటికి పట్టాభి మధ్యప్రదేశ్ గవర్నరుగా ఉన్నారు.

6. ముగింపు

పట్టాభి జీవితంలో ప్రాంతీయత, జాతీయత పరస్పర విరుద్ధాలు కావు. కాంగ్రెసులో ఆంధ్రకు స్థానం సంపాదించిన కృషే ఆయనను జాతీయ వేదికకు చేర్చింది. అయితే ఆ వేదికపై వహించిన బాధ్యత, ఆయన తొలి ఆశయాన్నే వాయిదా వేయించింది. 1939 నాటి ఓట్ల లెక్క కంటే, ఈ సంఘర్షణే ఆయన రాజకీయ జీవితాన్ని అర్థం చేసుకోవడానికి సరైన ఆధారం.