హైదరాబాదులో తొలి మోటారు వాహనాలు

జర్మనీ దేశస్థుడైన కార్ల్ బెంజ్ పెట్రోలు ఇంజనుతో నడిచే మూడు చక్రాల బండికి 1886 జనవరి 29న పేటెంటు కోరాడు. హైదరాబాదు సంస్థానంలో మోటారు కారు మొదట ప్రభువుల వైభవానికే పరిమితమైంది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ సింహాసనం వంటి ఆసనం గల రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారును ఆర్డరు చేసి, అది చేరకముందే 1911లో మరణించాడు. ఏడవ నిజాం దానిని ఊరేగింపులకే వాడినందున దశాబ్దాలు గడిచినా అది 400 మైళ్ళైనా తిరగలేదు. అంతటి యంత్రం అలంకారంగానే మిగిలింది.

సామాన్యులకు మోటారు ప్రయాణం అందుబాటులోకి తెచ్చినది బస్సు. 1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వే 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించింది. దాని వారసత్వంగా 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. చిక్కడపల్లికి సమీపంలోని ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌కు ఆ పేరు ఈ సంస్థ వలననే వచ్చింది.